అతివేగ సీరియల్ డేటా ధార: పట్టుకోవడం, నిల్వ చేయడం

ఎలక్ట్రానిక్ పరికరం నుంచి ఒక తీగల జత మీదో, ఒక ఆప్టికల్ ఫైబర్ మీదో బిట్ వెనుక బిట్‌గా సెకనుకు కోట్ల సంఖ్యలో వెలువడే డిజిటల్ సంకేతాన్ని జారిపోనివ్వకుండా అందుకుని, తర్వాత విడదీసి చదువుకునేందుకు వీలుగా టేపులోనో, హార్డ్ డిస్కులోనో, ఫ్లాష్ మెమరీలోనో భద్రపరిచే ప్రక్రియ ఇది. కెమెరా సెన్సర్లు, రాడార్లు, రేడియో టెలిస్కోపులు, ఉపగ్రహ గ్రౌండ్ స్టేషన్లు, కణ భౌతికశాస్త్ర ప్రయోగశాలలు, పరీక్ష బల్ల మీదున్న కొత్త సర్క్యూట్ బోర్డులు దీని అవసరం పడే చోట్లు. ధార ఎక్కడిదైనా చిక్కు ఒక్కటే. పంపే చిప్పుకు ఆగడం తెలియదు, రాసే డిస్కు మధ్యమధ్య ఆగక మానదు. ఈ రంగంలో జరిగిన పనిలో చాలా భాగం ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికే సరిపోయింది.

సంఖ్యలు చిన్నవిగా కనిపించి మోసం చేస్తాయి. సెకనుకు 1 గిగాబిట్ అనేది ఇవాళ ఇంటి ఇంటర్నెట్ ప్రకటనల్లోనూ వినిపించే మాట. అదే వేగాన్ని ఆపకుండా రాసుకుంటూ పోతే సెకనుకు 125 మెగాబైట్లు, గంటకు 450 గిగాబైట్లు, రోజుకు 10.8 టెరాబైట్లు. ఇంటర్నెట్‌లో మన కంప్యూటరు కాస్త వెనకబడితే సర్వరు కూడా నెమ్మదిస్తుంది, తప్పిన ముక్కను మళ్లీ పంపుతుంది. కెమెరా సెన్సరుకు గానీ, నెత్తి మీదుగా పోతున్న ఉపగ్రహానికి గానీ ఆ ఓపిక లేదు.

తీగలు తగ్గి వేగం పెరిగిన వైనం

చాలాకాలం వేగం కావాలంటే తీగలు పెంచడమే మార్గంగా ఉండేది. పాత ప్రింటరు కేబుళ్లు, హార్డ్ డిస్కుల వెడల్పాటి రిబ్బన్ కేబుళ్లు అలాంటివే. ఎనిమిదో పదహారో బిట్లు పక్కపక్క తీగల మీద ఒకేసారి బయలుదేరేవి. బయలుదేరడం ఒకేసారే అయినా చేరడం ఒకేసారి కాదు. తీగల పొడవులో, వాటి చుట్టూ ఉన్న పదార్థంలో ఉండే చిన్న తేడాలు కూడా నానోసెకన్లలో తేలుతాయి. వేగం పెంచేకొద్దీ ఒక్కో బిట్ ఆయుష్షు తగ్గి, చివరికి ఈ తేడా కంటే చిన్నదవుతుంది. అప్పుడు ఏ బిట్ ఏ మాటకు, అంటే ఒకేసారి పంపిన ఏ బిట్ల గుంపుకు, చెందిందో చెప్పడం కుదరదు. 40 పిన్నుల రిబ్బన్ కేబులు స్థానంలోకి 2003 ప్రాంతంలో సన్నటి సాటా కేబులు వచ్చింది ఇందుకే.

సీరియల్ లంకెలో సంకేతం రెండు తీగల మధ్య తేడాగా ప్రయాణిస్తుంది. బయటి రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది కాబట్టి తేడా చెక్కుచెదరదు. 1994లో ప్రమాణంగా ఖరారైన ఎల్‌వీడీఎస్ పద్ధతిలో 3.5 మిల్లీఆంపియర్ల కరెంటు 100 ఓమ్‌ల రెసిస్టరు మీద సుమారు 350 మిల్లీవోల్టులు చూపిస్తుంది. ఊపు తక్కువ కాబట్టి మారడం త్వరగా జరుగుతుంది. ఇవాళ చాలా కెమెరా సెన్సర్లు, అనలాగ్‌ను డిజిటల్‌గా మార్చే ఏడీసీ చిప్పులు ఈ దారినే డేటాను బయటికి పంపుతున్నాయి.

వేగం ఇంకా పెరిగితే క్లాకును వేరే తీగ మీద పంపడమూ పనికిరాదు. క్లాకుకూ డేటాకూ మధ్య మళ్లీ అదే పొడవుల తగాదా. దాంతో క్లాకును డేటాలోనే ఇమిడ్చారు. ధారలో సున్నా నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నాకు మారే అంచులు తరచుగా ఉంటే, వాటిని చూసి అందుకునే సర్క్యూట్ తన క్లాకును తానే సవరించుకోగలదు. వరుసగా వంద సున్నాలు వస్తే మాత్రం అది దారి తప్పుతుంది. ఐబీఎంకు చెందిన ఆల్బర్ట్ విడ్మర్, పీటర్ ఫ్రానాజెక్ 1983లో ప్రచురించిన 8బీ/10బీ సంకేతం ఈ సమస్యను చక్కగా తీర్చింది. ప్రతి ఎనిమిది బిట్లనూ పది బిట్లుగా మార్చి పంపుతారు. ఒకే విలువ వరుసగా ఐదుసార్లకు మించి రాదు, ఒకట్లూ సున్నాలూ దాదాపు సమానంగా ఉంటాయి. వాహక సామర్థ్యంలో ఐదో వంతు దీనికి ఖర్చవుతుంది. సెకనుకు 250 కోట్ల బిట్ల తొలి పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేనులో అసలు డేటా 250 మెగాబైట్లే. తర్వాత వచ్చిన 64బీ/66బీ, 128బీ/130బీ పద్ధతులు ఈ ఖర్చును మూడు శాతం దగ్గరికీ, అంతకంటే తక్కువకూ దించాయి.

బిట్ల వరుసలో మాటను గుర్తించడం

అందుకున్న బిట్లను సీరియల్ రూపంలోనే ఎవరూ నిల్వ చేయరు. సెకనుకు వంద కోట్ల బిట్లను ఒక్కొక్కటిగా ముట్టుకునే మెమరీ లేదు. డీసీరియలైజర్ వాటిని ఎనిమిదేసి, పదేసి, ముప్పైరెండేసి బిట్ల మాటలుగా పక్కపక్కన పేర్చి ఇస్తుంది. గిగాహెర్ట్జ్ వేగం వంద మెగాహెర్ట్జ్‌కు అటూ ఇటూ దిగివస్తుంది. అక్కడి నుంచి మామూలు డిజిటల్ తర్కం దాన్ని మోయగలదు. ఒకప్పుడు దీనికి విడి చిప్పులు కావలసి వచ్చేవి. 2002 ప్రాంతంలో జైలింక్స్ సంస్థ, లోపలి తర్కాన్ని వాడేవారే అమర్చుకోగల చిప్పు అయిన వర్టెక్స్-2 ప్రో ఎఫ్‌పీజీఏలో సెకనుకు 3.125 గిగాబిట్ల ట్రాన్సీవర్లను లోపలే పెట్టింది. చిన్న ప్రయోగశాలలు కూడా తమ రికార్డర్లను తామే తయారు చేసుకోవడానికి ఇలాంటి చిప్పులే తోడ్పడ్డాయి.

పేర్చడం సులువే, ఎక్కడ మొదలుపెట్టి పేర్చాలో తెలుసుకోవడమే కష్టం. ఒక బిట్ పక్కకు జరిగి చదివితే డేటా అంతా అర్థంలేని సంఖ్యలే. 8బీ/10బీలో దీనికి కామా అనే గుర్తు ఉంది. కే28.5 అనే పది బిట్ల సంకేతంలోని ఆ నమూనా మామూలు డేటాలో ఏ రెండు మాటల మధ్యా పొరపాటున కూడా ఏర్పడదు. ఉపగ్రహాల డేటాకు అంతరిక్ష సంస్థల ఉమ్మడి ప్రమాణం సీసీఎస్‌డీఎస్ వేరే దారి పట్టింది. ప్రతి ఫ్రేము (నిర్ణీత పొడవు డేటా ముక్క) ముందూ 32 బిట్ల గుర్తు పెడుతుంది, హెక్సాడెసిమల్‌లో 1ఏసీఎఫ్‌ఎఫ్‌సీ1డీ. ఈ గుర్తు డేటాలో యాదృచ్ఛికంగా కనబడే అవకాశం 429 కోట్లలో ఒకటి. చాలా అరుదనిపిస్తుంది. సెకనుకు 105 మెగాబిట్ల ధారలో అయితే సగటున 41 సెకన్లకు ఒకసారి దొంగ గుర్తు తగులుతుందన్నమాట! అందుకే ఫ్రేము సింక్రొనైజర్ గుర్తు ఒక్కసారి కనబడగానే నమ్మదు. సరిగ్గా ఒక ఫ్రేము దూరంలో మళ్లీ కనబడాలి, ఆ తర్వాత మళ్లీ. అలా కుదిరాక లంకె పడినట్టు. లంకె పడ్డాక మాత్రం ఒకటి రెండు గుర్తులు రొదలో చెడినా పట్టు వదలదు. నమ్మడానికి ఆలస్యం, వదలడానికీ ఆలస్యం.

ఇక్కడే ఇంకో సరిహద్దు దాటాలి. ధార తన క్లాకుతో వస్తుంది, అందుకునే బోర్డు తన క్లాకుతో నడుస్తుంది. రెండూ 125 మెగాహెర్ట్జ్ అని కాగితం మీద ఉన్నా నిజంలో కొంచెం తేడా ఉంటుంది. ఒక క్లాకు లోకంలోని సంకేతాన్ని మరో క్లాకుతో నేరుగా చదివితే ఫ్లిప్‌ఫ్లాప్ ఒకటీ సున్నా రెండూ కాని మధ్య స్థితిలో కాసేపు ఊగిసలాడవచ్చు. అందుకే రెండు వైపులా వేర్వేరు క్లాకులున్న ఫిఫో పెడతారు. ముందు వచ్చింది ముందు పోయే వరుస అది. రాసే స్థానం, చదివే స్థానం రెండింటినీ గ్రే కోడ్‌లో లెక్కిస్తారు. అందులో పక్కపక్క సంఖ్యల మధ్య ఒకే బిట్ మారుతుంది కాబట్టి సరిహద్దులో తప్పు చదివినా తేడా ఒక స్థానానికి మించదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రే దీనికి 1953లో పేటెంటు పొందారు. ఆయన దీన్ని రూపొందించిన అవసరం వేరు, ఇప్పుడు ఇది ఎక్కువగా కనబడే చోటు వేరు.

బఫర్ లెక్క

ఆగని ధారకూ ఆగే డిస్కుకూ మధ్య నిలిచేది బఫర్. దాని పరిమాణం ఎంతుండాలన్నది సగటు వేగం చెప్పదు, అవతలి వైపు అతి దీర్ఘమైన ఆగుడు చెబుతుంది. ఎస్‌డీ కార్డు ప్రమాణం ఒక్కో రాత దగ్గర కార్డు పావు సెకను దాకా బిజీగా ఉండటాన్ని అనుమతిస్తుంది. లోపల పాత బ్లాకులు చెరిపి సర్దుకోవడానికి కార్డుకు ఆ సమయం కావాలి. 1 గిగాబిట్ ధార ఆ పావు సెకనులో 31 మెగాబైట్లు దాటి కుమ్మరిస్తుంది. జైలింక్స్ ఆర్టిక్స్-7 శ్రేణిలోని చిన్న ఎఫ్‌పీజీఏ 35టీని తీసుకుంటే లోపలి బ్లాకు మెమరీ అంతా కలిపి 225 కిలోబైట్లు. రెండు మిల్లీసెకన్లు తిరగకముందే నిండిపోతుంది. పక్కన 256 మెగాబైట్ల డీడీఆర్ మెమరీ చిప్పు ఒకటి పెడితే రెండు సెకన్ల ఊపిరి దొరుకుతుంది. ఎఫ్‌పీజీఏ రికార్డర్ బోర్డుల మీద డీడీఆర్ చిప్పు తరచుగా కనబడటానికి కారణం ఇదే.

ఆగుడు తీరాక పేరుకున్నదాన్ని కూడా ఖాళీ చేయాలి. డిస్కు సెకనుకు 200 మెగాబైట్లు రాయగలిగితే, వస్తున్న 125 పోగా మిగిలే 75తో ఆ 31 మెగాబైట్ల బకాయి తీర్చడానికి దాదాపు 0.4 సెకను పడుతుంది. ఆ లోపల మరో ఆగుడు వస్తే బకాయి మీద బకాయి. రాసే సగటు వేగం వచ్చే వేగం కంటే తక్కువైతే ఇక బఫర్ ఎంత పెద్దదైనా ఒకటే. తూము చిన్నదైన చెరువుకు గట్టు ఎంత ఎత్తు పోసినా తెగే రోజు వాయిదా పడుతుంది, అంతే.

కంప్యూటరు దాకా దారి

పాత సీరియల్ పోర్టు నేర్పిన పాఠం ఇప్పటికీ చెల్లుతుంది. తొలి ఐబీఎం పీసీల్లో వాడిన 8250 చిప్పులో ఒక్క బైటుకే చోటు. సెకనుకు 1,15,200 బిట్ల వేగంలో ప్రతి 87 మైక్రోసెకన్లకూ ఒక బైటు వస్తుంది. ప్రాసెసరు ఆ లోపు వచ్చి తీసుకోకపోతే కొత్త బైటు పాతదాన్ని తుడిచేస్తుంది. ప్రాసెసరు ఎంత వేగమైనదన్న దానితో దీనికి సంబంధం లేదు, ఆ క్షణంలో అది మరో పనిలో ఉందా అన్నదే ప్రశ్న. 16550 చిప్పు 16 బైట్ల ఫిఫో తెచ్చింది. మొదటి విడుదలలో ఆ ఫిఫో లోపంతో వచ్చి, 16550ఏలో సరైంది. పదహారు బైట్లంటే సుమారు 1.4 మిల్లీసెకన్ల గడువు. ఆనాటి ఆపరేటింగ్ సిస్టమ్‌లకు అదే పెద్ద ఊరట.

యూఎస్‌బీ 2.0 మీద 480 మెగాబిట్లని రాసి ఉంటుంది. బల్క్ పద్ధతిలో 125 మైక్రోసెకన్ల మైక్రోఫ్రేముకు 512 బైట్ల ప్యాకెట్లు గరిష్ఠంగా 13 పడతాయి. అంటే సెకనుకు 53 మెగాబైట్లు. చేతికొచ్చేది తరచూ 40కి అటూ ఇటూ. పైగా బల్క్ పద్ధతి తప్పుల్లేకుండా చేరుస్తానంటుంది కానీ సమయానికి చేరుస్తానని మాట ఇవ్వదు. ఐసోక్రోనస్ పద్ధతి సమయానికి మాట ఇస్తుంది, తప్పు జరిగితే మళ్లీ పంపదు. కొలత పనికి మొదటిదే మేలు, బోర్డు మీద తగినంత బఫర్ ఉంటే. ఎఫ్‌టీడీఐ వారి ఎఫ్‌టీ232హెచ్, సైప్రస్ వారి ఎఫ్‌ఎక్స్2 చిప్పులు అభిరుచితో పనిచేసేవారి బల్లల మీద కనబడేది ఈ తరగతిలోనే. అంతకు మించితే యూఎస్‌బీ 3, గిగాబిట్ లేదా 10 గిగాబిట్ ఈథర్‌నెట్, పీసీఐ ఎక్స్‌ప్రెస్. ఈథర్‌నెట్ మీద యూడీపీ ప్యాకెట్లుగా పంపడం ఎఫ్‌పీజీఏలో రాయడానికి సులువు, వంద మీటర్ల దూరం వరకు తీగ లాగవచ్చు. ప్యాకెట్టు పోతే పోయినట్టే కాబట్టి ప్రతి దానికీ వరుస సంఖ్య తప్పనిసరి. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో బోర్డే డీఎంఏ (ప్రాసెసరు ప్రమేయం లేని బదిలీ) ద్వారా కంప్యూటరు మెమరీలోని వలయాకార బఫర్‌లోకి నేరుగా రాస్తుంది. ప్రాసెసరు చేయాల్సింది వెనకాలే వచ్చి డిస్కుకు మళ్లించడం.

డిస్కు మీద

పెట్టె మీద అచ్చేసిన వేగం నమ్మి ఈ పనికి దిగడం ప్రమాదం. సాటా ఎస్‌ఎస్‌డీ 550 మెగాబైట్లు, నాలుగు లేన్ల మూడో తరం ఎన్‌వీఎంఈ 3,500 మెగాబైట్లు అని ఉంటుంది. మామూలు వాడుకకు అమ్మే ఎస్‌ఎస్‌డీల్లో చాలావాటికి అది తొలి కొన్ని పదుల గిగాబైట్ల వరకే నిజం. ఒక్కో కణంలో ఒకే బిట్ రాసే తాత్కాలిక ప్రాంతం నిండేదాకా పరుగెత్తి, తర్వాత మూడేసి, నాలుగేసి బిట్లు కుక్కి రాయడం మొదలుపెట్టగానే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. వేడెక్కితే మరింత తగ్గుతుంది. రెండు నిమిషాల పరీక్షలో ఈ రెండూ బయటపడవు. ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాసే షింగిల్డ్ హార్డ్ డిస్కుల తీరూ ఇదే. మెమరీ కార్డుల మీద వీ30 వంటి గుర్తులకు విలువ ఉన్నది అవి అత్యధిక వేగాన్ని కాక, వరుసగా రాసేటప్పుడు పడిపోకూడని కనిష్ఠ వేగాన్ని చెబుతాయి కాబట్టి. వీ30 అంటే సెకనుకు 30 మెగాబైట్లు.

ఫైల్ సిస్టమ్ కూడా తన వంతు ఆగుళ్లు కలుపుతుంది. లినక్స్ రాతలను ముందు మెమరీలో పోగుచేసి, ఒక హద్దు దాటాక ఒక్కుమ్మడిగా డిస్కు మీదికి తోస్తుంది. ఆ క్షణంలో రికార్డింగ్ ప్రోగ్రామ్ నిలిచిపోతుంది. దీనికి విరుగుడుగా ఫైలుకు చోటు ముందే కేటాయించి, కొన్ని మెగాబైట్ల పెద్ద ముక్కలుగా, ఆ మధ్య పోగును దాటేసి నేరుగా రాస్తారు. అందుకునే పనీ రాసే పనీ వేర్వేరు థ్రెడ్లలో నడుస్తాయి. ఎఫ్‌ఏటీ32లో ఒక ఫైలు 4 గిగాబైట్లు మించకూడదన్న నియమం 1 గిగాబిట్ ధారకు 34 సెకన్లలోనే అడ్డొస్తుంది. పెద్ద ఫైళ్లను ఒప్పుకునే చోట కూడా నిమిషానికో ఫైలుగా కోయడం మంచి అలవాటు, కరెంటు పోతే పోయేది చివరి ముక్కే.

షాద్‌నగర్ ఉదాహరణ

ఆగని ధార అంటే ఏమిటో తెలంగాణలో చూడదలిస్తే హైదరాబాదుకు దక్షిణాన ఉన్న షాద్‌నగర్ గ్రౌండ్ స్టేషన్ చూడాలి. ఇప్పటి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి చెందిన ఈ స్టేషన్ 1979లో అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల డేటాను అందుకోవడంతో మొదలైంది. ల్యాండ్‌శాట్ మల్టీస్పెక్ట్రల్ స్కానర్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు. ఇప్పుడు నవ్వొచ్చే సంఖ్యే గానీ ఆనాటి మామూలు కంప్యూటర్ టేపులకు అది మించిన భారం. అప్పటి ల్యాండ్‌శాట్ స్టేషన్లలో ఎక్కువ సాంద్రత గల డిజిటల్ టేపు రికార్డర్లు వాడేవారు. సీరియల్ ధారను అనేక ట్రాకుల మీదికి పంచి, ఆగకుండా ఒకే వేగంతో తిరిగే టేపు మీద రాసేవి. తర్వాత అదే టేపును ఎన్నో రెట్లు నెమ్మదిగా తిప్పి కంప్యూటరుకు అందించేవారు. ధార లాగే ఆగకుండా తిరిగే మాధ్యమాన్ని ఎంచుకోవడం ఈ సమస్యకు దొరికిన అతి సరళమైన జవాబు. డిస్కులు వచ్చాక ఆ సరళత పోయింది, బఫర్ లెక్కలు వచ్చిపడ్డాయి.

2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1లోని రెండు కెమెరాలలో ఒక్కోటీ సెకనుకు 336 మెగాబిట్ల డేటా పుట్టించేది. ఉపగ్రహంలోనే 3.2 రెట్లు కుదించి, కెమెరాకు 105 మెగాబిట్ల చొప్పున కిందికి పంపేది. ఉపగ్రహం ఒక దిగంతం నుంచి మరో దిగంతానికి దాటే సమయం పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ. ఆ వ్యవధిలో రెండు ధారలూ కలిపి సుమారు 16 గిగాబైట్లు. పరిమాణం చూస్తే పెన్‌డ్రైవ్‌లో పడుతుంది, కానీ అప్పటికప్పుడు పంపేసిన దృశ్యాన్ని మళ్లీ పంపమని అడిగే వీలుండదు. గ్రౌండ్ స్టేషన్లు డీమాడ్యులేటర్, బిట్ సింక్రొనైజర్, ఫ్రేము సింక్రొనైజర్ దాటి వచ్చిన డేటాను ఏ దిద్దుబాటూ చేయకముందే భద్రపరచుకునేది ఇందుకే. దిద్దే పద్ధతి రేపు మెరుగుపడవచ్చు. ముడి బిట్లు పారేస్తే ఆ మెరుగుదల పాత దృశ్యాలకు అందదు.

రేడియో ఖగోళం: టేపు నుంచి డిస్కుల దొంతర దాకా

వేల కిలోమీటర్ల దూరంలోని టెలిస్కోపుల సంకేతాలను కలిపి ఒకే పెద్ద టెలిస్కోపులా వాడే వీఎల్‌బీఐ విధానం రికార్డింగ్ సాంకేతికతను అందరికంటే ముందు హద్దులదాకా లాక్కెళ్లింది. 1967 నాటి మార్క్-1 వ్యవస్థ సెకనుకు 720 కిలోబిట్ల వేగంతో కంప్యూటర్ టేపు మీద రాసేది, ఒక్కో టేపు చుట్ట మూడు నిమిషాల్లో అయిపోయేది. మార్క్-2 టీవీ వీడియో టేపు రికార్డర్లను వాడుకుని 4 మెగాబిట్లకు చేరింది. 1970ల చివర్లో మార్క్-3, ఒక్కోటి 4 మెగాబిట్ల చొప్పున 28 ట్రాకుల మీద 112 మెగాబిట్లు రాసింది. ఈ శతాబ్దం మొదట్లో మార్క్-5తో డిస్కులు వచ్చాయి. ఎనిమిది డిస్కుల పెట్టె, సెకనుకు 1 గిగాబిట్.

అమెరికాలోని ఎంఐటీ హేస్టాక్ వేధశాల రూపొందించిన మార్క్-6 సెకనుకు 16 గిగాబిట్లను 32 హార్డ్ డిస్కుల మీదికి పంచుతుంది. లెక్కకు డిస్కుకు 62.5 మెగాబైట్లే, ఏ డిస్కయినా దానికి రెండింతలు రాయగలదు. అయినా వరుసగా ఒక్కో డిస్కుకూ సమాన వాటా ఇచ్చే మామూలు రెయిడ్ పద్ధతిని తయారీదారులు వద్దనుకున్నారు. ముప్పైరెండింటిలో ఒక్కటి మొండికేస్తే మొత్తం దాని నడకకు తగ్గిపోతుంది. దానికి బదులు డేటాను సంఖ్య వేసిన బ్లాకులుగా చేసి, ఏ డిస్కు ఖాళీగా ఉంటే దానికి ఇస్తారు. నీరసించిన డిస్కుకు తక్కువ బ్లాకులు పడతాయి, రికార్డింగ్ మాత్రం ఆగదు. చదివేటప్పుడు సంఖ్యలు చూసి మళ్లీ వరుసలో పేరుస్తారు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపించే ఉపాయం ఇది. డిస్కు ఆగుతుందన్న నిజాన్ని దాచిపెట్టకుండా దాని చుట్టూనే పద్ధతిని అల్లుకుంది.

2017 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు ఎం87 గెలాక్సీ మధ్యలోని కృష్ణబిలాన్ని పరిశీలించినప్పుడు వాడింది ఈ రికార్డర్లనే. 2 గిగాహెర్ట్జ్ వెడల్పు గల రెండు పట్టీలు, రెండు ధ్రువణాలు, నమూనాకు 2 బిట్లు, కలిపి సెకనుకు 32 గిగాబిట్లు. నమూనాకు రెండే బిట్లు ఏమిటని అనిపిస్తుంది. సున్నితత్వంలో పోయేది దాదాపు 12 శాతమే, నిల్వ భారం మాత్రం ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఎత్తయిన కొండల మీద పలచటి గాలిలో మామూలు డిస్కుల చదివే తలలు సరిగా తేలవు కాబట్టి హీలియం నింపి మూసిన డిస్కులు వాడారు. దాదాపు ఐదు పెటాబైట్లు పోగైంది. ఏ ఇంటర్నెట్ లంకె మీదా పంపలేక డిస్కులనే విమానాల్లో హేస్టాక్‌కూ, జర్మనీలోని బాన్‌కూ తరలించారు. దక్షిణ ధ్రువం డిస్కులు అక్కడి శీతకాలం గడిచి విమానాలు తిరిగేదాకా కదల్లేదు, 2017 డిసెంబరులో గానీ చేరలేదు. కృష్ణబిలం చిత్రం 2019 ఏప్రిల్ 10న విడుదలైంది.

అన్నీ దాచకపోవడం

కొన్నిచోట్ల సరైన పద్ధతి నిల్వ చేయకపోవడమే. సెర్న్‌లోని పెద్ద హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్ గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురుపడతాయి. అట్లాస్, సీఎంఎస్ డిటెక్టర్లలో హార్డ్‌వేర్ ట్రిగ్గర్ మైక్రోసెకన్లలో నిర్ణయించి దాన్ని సెకనుకు సుమారు లక్షకు కుదిస్తుంది, ఆపై సాఫ్ట్‌వేర్ వడపోసి ఉంచేది వేలల్లోనే. నిర్ణయం జరిగేదాకా ప్రతి ఘటన డేటా చిప్పులోని వరుసలో ఎదురుచూస్తుంది. ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం మాత్రం 2022లో మొదలైన మూడో విడతకు హార్డ్‌వేర్ ట్రిగ్గర్‌ను తీసేసి మొత్తం ధారను కంప్యూటర్లకే అప్పగించింది.

బల్ల మీది ఆసిలోస్కోపు, లాజిక్ ఎనలైజర్ చేసేదీ ఇదే పని, చిన్న ఎత్తున. తమ మెమరీలో ఎప్పటికప్పుడు పాతదాని మీద కొత్తది రాసుకుంటూ, అనుకున్న సంఘటన జరగ్గానే ఆగి, దానికి ముందువెనుకల కొంత భాగాన్ని చూపిస్తాయి. లోపం అరుదుగా వచ్చేదైతే గంటల తరబడి రికార్డు చేసి వెతకడం కంటే మంచి ట్రిగ్గర్ రాసుకోవడం చౌక.

సరిచూడటం

రికార్డర్ బాగా పనిచేస్తున్నట్టు కనిపించడానికీ, పనిచేయడానికీ చాలా దూరం ఉంది. లంకె పరీక్షకు పీఆర్‌బీఎస్ అనే నకిలీ యాదృచ్ఛిక వరుసలు పంపుతారు. పీఆర్‌బీఎస్-31 వరుస 214 కోట్ల బిట్ల తర్వాత గానీ పునరావృతం కాదు. తప్పు రేటు లక్ష కోట్ల బిట్లకు ఒకటి ఉండొచ్చన్నది చాలా లంకెల ఒడంబడిక. 10 గిగాబిట్ల వేగంలో అది వంద సెకన్లకు ఒక తప్పు! కాబట్టి తప్పును పట్టించే తనిఖీ సంఖ్యగా ఫ్రేముకో సీఆర్‌సీ ఉండాలి. నిల్వ మార్గం పరీక్షకు అంతకంటే సాదా ఉపాయం చాలు. అసలు డేటా బదులు ఒకటొకటిగా పెరిగే కౌంటరును పంపి, డిస్కు నిండేదాకా రాయించి, ఫైలంతా చదివి ఎక్కడ సంఖ్య దాటిందో చూడాలి. ఇది రాత్రంతా, డిస్కు సగం నిండి ఉన్నప్పుడు, గది వేడిగా ఉన్నప్పుడు చేయాలి. ఫిఫో పొంగిన ప్రతిసారీ లెక్కించే కౌంటరు ఒకటి హార్డ్‌వేర్‌లోనే ఉండి, అది డేటాతో పాటు ఫైల్లోకి చేరాలి.

పోయిన డేటాను గుర్తు పెట్టడం కూడా ఫార్మాట్‌లో భాగమే. పోయిన ముక్కను వదిలేసి మిగతావి దగ్గరికి జరిపి రాస్తే ఆ తర్వాతి ప్రతి నమూనా సమయమూ తప్పుతుంది, ఆ తప్పు ఫైలు చూస్తే కనబడదు. అందుకే ఖాళీని ఖాళీగానే, సరైన పొడవుతో నింపి ఉంచుతారు. వీఎల్‌బీఐలో వాడే వీడీఐఎఫ్ ఫార్మాట్ ప్రతి ఫ్రేము శీర్షికలో సెకను సంఖ్యనూ, ఆ సెకనులో ఫ్రేము సంఖ్యనూ ఉంచుతుంది. ఆ శీర్షిక మొదటి మాటలోనే, ఈ ఫ్రేములోని డేటా చెల్లదని చెప్పడానికి ఒక బిట్ కేటాయించారు.